ఎన్నికల తరువాత బాండ్లు, పరపతి, రూపాయి

2024 మే నెలలో ఒక ఆదివారం. కౌన్సెలింగ్ తరగతి ముగిసి అందరూ పుస్తకాలు సర్దుకుంటుండగా ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చి అడిగారు: “సార్, ఎలక్షన్ల రిజల్ట్ వచ్చినంక మిత్తి తగ్గుతదా? శామీర్‌పేట దగ్గర చిన్న ఫ్లాట్ ఒకటి చూసిన. లోన్ ఇప్పుడే తీసుకోవాల్నా, జూన్ దాకా ఆగాల్నా?” ఆయన తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేసుకుంటూ బి.ఏ. చదువుతున్నారు. తెలంగాణలో మే 13న పోలింగ్ అయిపోయింది. లోక్‌సభ ఫలితాలు జూన్ 4న రావలసి ఉంది.

“మిత్తిని నిర్ణయించేది ఎన్నిక కాదు, దాని కోసం ఆగకండి” అని చెప్పి పంపించాను. ఆ జవాబు తప్పు కాదు గాని సగమే. మిగతా సగం చెప్పాలంటే బాండ్ల మార్కెట్, పరపతి, విదేశీ మారకం అనే మూడు విషయాలను కలిపి చూడాలి. మీ పాఠ్యక్రమంలో ఇవి మూడు వేర్వేరు భాగాలలో వస్తాయి. ఎన్నికల ఫలితం వెలువడిన రోజున మాత్రం మూడూ ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతాయి: రాబోయే ప్రభుత్వం ఎంత అప్పు చేస్తుంది, దాన్ని ఎలా తీరుస్తుంది? గెలిచినవారి పేరు ఆ తరువాతి సంగతి.

చిట్టీ పాట, బాండు వేలం

మేడ్చల్‌లో చిట్టీ సంగతి తెలియని ఇల్లు అరుదు. కాబట్టి అక్కడి నుండే మొదలుపెడదాం. ఇరవై మంది నెలకు ఐదు వేల చొప్పున వేస్తే అది లక్ష రూపాయల చిట్టీ. పాట రోజున డబ్బు బాగా అవసరమైనవారు పాతిక వేలు వదులుకొని డెబ్బై ఐదు వేలకే పాడుకుంటారు. అదే నెలలో ఒకరికి పెళ్లి ఖర్చు, మరొకరికి ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే పాట ముప్పై వేల దాకా పోతుంది. అడిగేవారు పెరిగితే వదులుకోవలసిన మొత్తం పెరుగుతుందన్న మాట. అవసరం లేనివారు డివిడెండు తీసుకుంటూ చివరి నెలల దాకా ఓపిక పడతారు.

ప్రభుత్వ బాండు వేలంలోనూ జరిగేది ఇదే. ఇక్కడ డబ్బు కావలసినది ప్రభుత్వం. ఇచ్చేవి బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్యనిధులు. ఏడాది తరువాత 100 రూపాయలు ఇస్తానని ప్రభుత్వం రాసి ఇచ్చిన కాగితాన్ని ఒక బ్యాంకు ఈరోజు 93 రూపాయలకు కొన్నదనుకోండి. 93 రూపాయల మీద 7 రూపాయలు, అంటే రాబడి సుమారు 7.5 శాతం. ప్రభుత్వం మరింత అప్పు చేయబోతోందన్న అనుమానంతో అదే బ్యాంకు 92కు మించి ఇవ్వనంటే రాబడి 8.7 శాతం అవుతుంది. బాండు ధర తగ్గితే రాబడి పెరుగుతుంది. పరీక్షలో ఏటా అడిగే ఈ వాక్యాన్ని బట్టీ పట్టకండి. పై లెక్కను ఒకసారి మీ చేత్తో వేయండి, ఇక మరిచిపోరు.

పదేళ్ల కేంద్ర ప్రభుత్వ బాండు రాబడిని దేశంలోని మిగతా వడ్డీలకు కొలబద్దగా వాడతారు. రాష్ట్రాలు, కంపెనీలు, నగరపాలక సంస్థలు చేసే అప్పు దానికి కొంత పైన ఉంటుంది. ఎంత పైన ఉండాలో తేల్చేది పరపతి, అంటే తిరిగి చెల్లిస్తారన్న నమ్మకం.

ఆ మంగళవారం ఏమి జరిగింది

2024 జూన్ 4 మంగళవారం. అంతకు ముందు రోజు ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్ 2,500 పాయింట్లు పెరిగి 76,469 దగ్గర ముగిసింది. మరునాడు ఓట్ల లెక్కింపులో భారతీయ జనతా పార్టీకి సొంత మెజారిటీ రాలేదు. 240 స్థానాల దగ్గర ఆగింది. మిత్రపక్షాలతో కలిపి 293. సాయంత్రానికి సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడి 72,079కి వచ్చింది. అంటే సుమారు 5.7 శాతం పతనం. టీవీలన్నీ దీన్నే చూపించాయి.

అదే రోజు మిగతా రెండు మార్కెట్లను చూడండి. పదేళ్ల బాండు రాబడి 6.94 నుండి 7.03 శాతానికి చేరింది. ధరలోకి మార్చితే, 100 రూపాయల బాండు మీద సుమారు 60 పైసల నష్టం. డాలరు 83.14 రూపాయల నుండి 83.53కి వెళ్లింది. ఇది అర శాతం కన్నా తక్కువ. ఒకే వార్త విని షేర్లు ఆరు శాతం దాకా పడ్డాయి, బాండ్లు, రూపాయి అందులో సుమారు పదో వంతు మాత్రమే కదిలాయి. మూడు రోజులు గడిచేసరికి, జూన్ 7న, సెన్సెక్స్ మళ్లీ 76,000 దాటి కొత్త రికార్డుకు చేరింది.

బాండ్లు ఎందుకు స్థిరంగా ఉన్నాయి? వాటిని పట్టుకున్నవారు ఎవరో గమనించండి. మన బ్యాంకులు తమ డిపాజిట్లలో 18 శాతాన్ని చట్టం ప్రకారం ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలోనే ఉంచాలి. జీవిత బీమా సంస్థలకు, భవిష్యనిధికి కూడా ఇరవై, ముప్పై ఏళ్ల బాండ్లు కావాలి. ఫలితం నచ్చలేదని వీరెవరూ మధ్యాహ్నానికల్లా అమ్మి వెళ్లిపోరు. విదేశీ మదుపుదారుల వాటా అప్పటికి నూటికి మూడు పాళ్లకు మించదు. ఇక రూపాయి వెనుక రిజర్వు బ్యాంకు చేతిలో సుమారు 650 బిలియన్ డాలర్ల నిల్వలున్నాయి. అంత నిల్వ ఉన్నచోట రూపాయి మీద ఒక్క రోజులో పెద్ద పందెం కాయడానికి ఎవరూ సాహసించరు.

బాండు వ్యాపారులకు ఆ రోజు పట్టుకున్న భయం ఒకటుంది. ప్రభుత్వం ఇప్పుడు మిత్రపక్షాల మీద, ముఖ్యంగా తెలుగుదేశం, జనతాదళ్ యునైటెడ్ పార్టీల మీద ఆధారపడింది. వారు తమ రాష్ట్రాలకు నిధులు అడుగుతారు, ద్రవ్యలోటు పెరుగుతుంది, బాండ్లు మరిన్ని వస్తాయి. తర్కంలో లోపం లేదు. కాని జూలై 23న బడ్జెట్ వచ్చేసరికి ద్రవ్యలోటు లక్ష్యం మధ్యంతర బడ్జెట్‌లోని 5.1 శాతం నుండి 4.9 శాతానికి తగ్గింది. స్థూల మార్కెట్ రుణం 14.13 లక్షల కోట్ల నుండి 14.01 లక్షల కోట్లకు తగ్గింది. రిజర్వు బ్యాంకు మే నెలలో కేంద్రానికి బదిలీ చేసిన 2.11 లక్షల కోట్ల మిగులు దీనికి ఒక ముఖ్య కారణం. అమరావతికి ప్రకటించిన 15,000 కోట్లు కూడా నేరుగా కేంద్ర బాండ్ల మీద పడలేదు. ఆ డబ్బును అంతర్జాతీయ రుణసంస్థల ద్వారా సమకూర్చే ఏర్పాటు చేశారు. డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే మొత్తం ఇచ్చింది. మిత్రపక్షాలు అడగనూ అడిగాయి, పొందనూ పొందాయి. అయినా బాండ్ల మార్కెట్ భయపడిన దారిలో అది జరగలేదు.

మెజారిటీ లేని ప్రభుత్వం అంటే బలహీనమైన రూపాయి అని పుస్తకాలలో చదివి ఉంటారు. మన చరిత్రలోనే దీనికి గట్టి మినహాయింపు ఉంది.

1991: వంగర నుండి వచ్చిన ప్రధాని

నేను అప్పుడు కొత్తగా చేరిన అధ్యాపకుణ్ణి. స్టాఫ్ రూములో రోజూ ఇదే మాట. విదేశీ మారకద్రవ్య నిల్వలు రెండు, మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతకు పడిపోయాయి. ఎన్నికలకు ముందున్న చంద్రశేఖర్ ప్రభుత్వ కాలంలోనే 20 టన్నుల బంగారం విదేశానికి వెళ్లింది. ఎన్నికల మధ్యలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ ఎన్నికలో పోటీ కూడా చేయని పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆయన పార్టీకి లోక్‌సభలో మెజారిటీ లేదు. నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి ఆయన సభకు వచ్చింది నవంబరులో.

ప్రమాణం చేసిన పది రోజులకు, జూలై 1న, మళ్లీ 3న, రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుండి 26 రూపాయలకు వెళ్లింది. దీన్నే మూల్యహీనీకరణ అంటాం. అదే నెలలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చింది. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ వచ్చింది. ఇంట్లో బంగారం కుదువ పెట్టడం మనకు అవమానంగా తోస్తుంది, దేశం పెడితే మరీను. కాని మార్కెట్ దాన్ని వేరుగా చదివింది: వీరు బాకీ ఎగ్గొట్టరు, బంగారం పెట్టయినా కడతారు. పరపతి అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. లోక్‌సభలో సంఖ్యాబలం లేని ప్రభుత్వం చెల్లింపు మాట నిలబెట్టి నమ్మకం తెచ్చుకుంది.

1991ని, 2024ని పక్కపక్కన పెట్టి చూడండి. 1991లో ఎన్నికకు ముందే ఖజానా ఖాళీ. 2024లో నిల్వలు నిండుగా ఉన్నాయి. ఎన్నిక రోజు కుదుపు ఎంత పెద్దదన్నది ఫలితం మీద కన్నా ఎన్నికకు ముందు చేతిలో ఏముందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడింది.

రాష్ట్రం అప్పు: ధర కదలని చోట

ఇక మన రాష్ట్రానికి వద్దాం. 2023 డిసెంబరు 3న అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. డిసెంబరు 20న ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క సభలో ఆర్థిక శ్వేతపత్రం పెట్టారు. బడ్జెట్ వెలుపల కార్పొరేషన్ల పేరుతో చేసిన అప్పులన్నీ కలిపి మొత్తం 6,71,757 కోట్లని అందులో చూపించారు. నాలుగు రోజులకు ప్రతిపక్షం “స్వేదపత్రం” విడుదల చేసి ఆ లెక్కను ఖండించింది. ఏ అప్పును రాష్ట్రం అప్పుగా లెక్కించాలన్నదే వారి మధ్య అసలు తగాదా. మీరు రెండింటినీ చదవండి. రాజకీయం పక్కన పెట్టి నిర్వచనాల తేడాను పట్టుకుంటే ప్రభుత్వ విత్తశాస్త్రంలో మంచి పాఠం అవుతుంది.

అంత పెద్ద అంకె బయటపడ్డాక తెలంగాణ బాండ్ల మీద వడ్డీ ఒక్కసారిగా పెరగాలి కదా? పెరగలేదు. రాష్ట్రాల బాండ్లను రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారం వేలం వేస్తుంది. వాటి మీద రాబడి కేంద్ర బాండు కన్నా పావు నుండి ముప్పావు శాతం ఎక్కువ ఉంటుంది. కాని బాగా పొదుపుగా ఉన్న రాష్ట్రానికి, బాగా అప్పుల్లో ఉన్న రాష్ట్రానికి మధ్య తేడా చాలా స్వల్పం. ఏ రాష్ట్రమూ ఈ బాండ్ల మీద ఇంతవరకు బాకీ ఎగ్గొట్టలేదు. రాష్ట్రాల బ్యాంకరు రిజర్వు బ్యాంకే కాబట్టి వాటి వెనుక కేంద్రం ఉన్నట్లే మార్కెట్ భావిస్తుంది. చట్టంలో అటువంటి హామీ లేదు, నమ్మకం మాత్రమే ఉంది.

ధర కదలనప్పుడు మరొకటి కదలాలి. ఇక్కడ కదిలేది పరిమాణం. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం మార్కెట్‌లో అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో ఇంత శాతమని ఏటా హద్దు గీస్తారు. బడ్జెట్ వెలుపలి అప్పులను కూడా ఆ హద్దులో కలుపుతామని కేంద్రం పట్టుబట్టడంతో 2022 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణకు అనుమతి ఆగింది. చేబదులు వసతులు, ఓవర్‌డ్రాఫ్టు ఉన్నాయి గాని వాటికీ గడువుంది. వరుసగా 14 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్టులో ఉంటే రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది.

హద్దు దాకా అప్పు చేశాక కూడా వాగ్దానాలు మిగిలి ఉంటే ఏమవుతుంది? బిల్లులు ఆగుతాయి. గుత్తేదారుకు రావలసినది, కాలేజీకి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉద్యోగి కరవు భత్యం, పదవీ విరమణ చేసినవారి బకాయిలు, అన్నీ వరుసలో నిలబడతాయి. నా సహాధ్యాపకులలో ఆ వరుసలో నిలబడ్డవారున్నారు కాబట్టి కాస్త కటువుగా అంటున్నాను: ఆగిన ప్రతి బిల్లూ ప్రభుత్వం పౌరుడి దగ్గర వడ్డీ లేకుండా తీసుకున్న అప్పే. ఆ అప్పు ఏ వేలం ఫలితంలోనూ కనబడదు. శామీర్‌పేటలో రోడ్డు పని చేసిన చిన్న గుత్తేదారు మాత్రం తన కూలీలకు కట్టడానికి నూటికి రెండు రూపాయల మిత్తికి బయట తెస్తాడు. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ప్రభుత్వానికి ఏడున్నర శాతానికి దొరికే డబ్బు, దాని బిల్లు కోసం ఎదురుచూసే మనిషికి 24 శాతం పడుతోంది.

అన్ని బాండ్లూ ఇంత స్థిరంగా ఉండవు. హైదరాబాద్ నగరపాలక సంస్థ రోడ్ల అభివృద్ధి కోసం మూడు విడతలుగా బాండ్లు జారీ చేసింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతం. 2019లో 100 కోట్లు, 10.23 శాతం. ఈ మధ్యలో రెండు ఎన్నికలు జరిగాయి, రెండింటిలోనూ ఉన్న ప్రభుత్వాలే తిరిగి వచ్చాయి. 2018 ఆగస్టులో సుమారు 7.8 శాతం ఉన్న పదేళ్ల కేంద్ర బాండు రాబడి 2019 ఆగస్టుకు 6.5 దగ్గరికి తగ్గింది కూడా. రాజకీయ స్థిరత్వం ఉంది, కొలబద్ద వడ్డీ తగ్గింది, అయినా నగరం కట్టే వడ్డీ పెరిగింది. కారణం 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ సంస్థ బాకీలు ఎగ్గొట్టడంతో కేంద్రం అండ లేని ప్రతి బాండునూ కొనేవారు అనుమానంగా చూడడం. పరపతి చెడితే ఎన్నిక ఫలితం దాన్ని బాగుచేయలేదు.

రుణమాఫీ, రైతు పరపతి

ఎన్నికకు, పరపతికి నేరుగా ముడిపడిన విషయం తెలంగాణ పల్లెల్లో ఒకటే, పంట రుణమాఫీ. మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు చాలావరకు ప్లాట్లయిపోయాయి, కాని కూరగాయలు పండించేవారు, వరి వేసేవారు ఇంకా ఉన్నారు.

2014లో లక్ష రూపాయల లోపు రుణాలను నాలుగు విడతల్లో మాఫీ చేశారు. 2018 ఎన్నికలప్పుడు మళ్లీ లక్ష అన్నారు. అది చిన్న మొత్తాలతో మొదలై, పెద్ద భాగం 2023 ఆగస్టు దాకా సాగింది. 2023 ఎన్నికల తరువాత రెండు లక్షల దాకా మాఫీ 2024 జూలై 18న మొదలై ఆగస్టు 15 నాటికి మూడు విడతలు, నవంబరు చివర్లో మరో విడత జరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 25.35 లక్షల రైతులకు సుమారు 20,617 కోట్లు. 2018 డిసెంబరు 12 నుండి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న రుణాలకే ఇది వర్తించింది. రెండు లక్షలు దాటినవారు పైమొత్తాన్ని ముందు తామే కట్టాలి.

మాఫీ మంచిదా చెడ్డదా అన్న చర్చ మీరు చాలా విని ఉంటారు. బాకీలో మునిగిన కుటుంబానికి అది నిజమైన ఊరట, అందులో అనుమానం లేదు. నేను చూపదలచినది మాట ఇచ్చిన రోజుకు, డబ్బు వచ్చిన రోజుకు మధ్య ఉన్న కాలాన్ని. గడువులోగా కట్టిన పంట రుణం మీద కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది, అప్పుడు రైతుకు వడ్డీ ఏడు కాదు, నాలుగు శాతమే. మాఫీ వస్తుందని కట్టకుండా ఆగితే మొదట ఆ రాయితీ పోతుంది. స్వల్పకాలిక పంటలైతే రెండు పంటకాలాలు దాటేసరికి ఆ ఖాతా మొండిబాకీగా మారుతుంది. రెన్యువల్ చేయరు, కొత్త అప్పు ఇవ్వరు. లక్ష రూపాయల పెట్టుబడికి బ్యాంకులో ఏడాదికి 4,000 కట్టవలసిన రైతు బయట 24,000 కడతాడు. మూడేళ్లు ఆగితే 72,000. లక్ష మాఫీ కోసం ఎదురుచూసి 72,000 పోగొట్టుకున్న కుటుంబాన్ని మాఫీ పొందిన వారి జాబితాలోనే లెక్కిస్తారు.

2014 నాటి నాలుగేళ్ల విడతలకు, 2024 నాటి కొద్ది నెలలకు ఇక్కడే తేడా ఉంది. ఎవరు చేశారన్నది నాకు ముఖ్యం కాదు. త్వరగా చేసిన మాఫీ రైతు పరపతిని నిలుపుతుంది. నానబెట్టిన మాఫీ దాన్ని తినేస్తుంది. రాబోయే ఎన్నికలో ఇటువంటి వాగ్దానం వింటే మొత్తం ఎంత అని కాక, ఏ తేదీకి, ఏ నిధి నుండి అని అడగండి.

రూపాయి: దేనితో పోల్చి?

“రూపాయి పడిపోయింది” అన్నది అసంపూర్ణ వాక్యం. దేనితో పోల్చి అన్నది చెప్పాలి. మేడ్చల్, శామీర్‌పేట పక్కగా పోయే అవుటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికి జపాన్ సంస్థ జైకా 2008 నుండి యెన్లలో అప్పు ఇచ్చింది. అప్పుడు డాలరు సుమారు 50 రూపాయలు, 2024 జూన్‌లో 83 పైన. ఈ లెక్కన అప్పు భారం చాలా పెరిగిందనిపిస్తుంది. కాని అప్పు యెన్లలో ఉంది. 2008 చివర్లో ఒక యెన్ విలువ సుమారు అర్ధ రూపాయి, 2024లోనూ దాదాపు అంతే. మధ్యలో ఎగుడుదిగుళ్లు ఉన్నా, డాలరు ముందు రూపాయి తగ్గినంతగా యెన్ కూడా తగ్గింది.

ఇప్పుడు ప్రతిపాదనలో ఉన్న మెట్రోకు ఇదే ప్రశ్న వేయండి. జేబీఎస్ నుండి మేడ్చల్ దాకా సుమారు 24.5 కిలోమీటర్లు, జేబీఎస్ నుండి శామీర్‌పేట దాకా 22 కిలోమీటర్లు. ఫ్యూచర్ సిటీ మార్గంతో కలిపి అంచనా 19,579 కోట్లు. ఇందులో 48 శాతం, అంటే సుమారు 9,400 కోట్లు, అప్పుగా తేవాలని రాష్ట్రం ప్రతిపాదించింది. కేంద్రం ఒప్పుకొని పూచీ ఇస్తేనే విదేశీ సంస్థలు తక్కువ వడ్డీకి ఇస్తాయి. కాబట్టి ఈ మార్గం భవిష్యత్తు రెండు ఎన్నికల ఫలితాల మధ్య, ఢిల్లీకి, హైదరాబాద్‌కు మధ్య ఉన్న సంబంధం మీద ఆధారపడి ఉంది.

ఒక లెక్క వేయండి. ఆ 9,400 కోట్లను డాలరు 83.50 దగ్గర ఉన్నప్పుడు డాలర్లలో తెచ్చామనుకుందాం. డాలరు 90 రూపాయలైతే అసలు ఎంత పెరుగుతుంది? జవాబు సుమారు 730 కోట్లు. టికెట్టు డబ్బు రూపాయల్లో వస్తుంది, బాకీ డాలర్లలో పోతుంది. ఇటువంటి అసమతుల్యతను విదేశీ మారకపు నష్టభయం అంటాం.

90 అన్నది ఊహకు తీసుకున్న అంకె కాదు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. మన ఎన్నిక రోజున 39 పైసలు కదిలిన రూపాయి ఆ తరువాత ఏడాదిన్నరలో ఆరున్నర రూపాయలు కదిలింది. కారణాలలో ముఖ్యమైనది వేరే దేశపు ఎన్నిక. 2024 నవంబరులో అమెరికా ఫలితం వచ్చాక సుంకాలు పెరుగుతాయన్న అంచనాతో డాలరు బలపడింది. నవంబరు మొదట్లో 84 దగ్గర ఉన్నది జనవరి మధ్యకు 86 దాటింది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద 50 శాతం సుంకం పడింది. విదేశీ మదుపుదారులు షేర్లు అమ్ముకొని వెళ్లారు.

దీని ప్రభావం మన చుట్టూ ఉన్నవారి మీద ఒకేలా పడలేదు. జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారుచేసి ఎగుమతి చేసే కంపెనీకి డాలరు ఆదాయం రూపాయల్లో పెరిగింది, అయితే దిగుమతి చేసుకునే యంత్రాలు, రసాయనాలు కూడా ప్రియమయ్యాయి. అమెరికాలో ఏడాదికి 20,000 డాలర్ల ఫీజు కట్టే విద్యార్థి ఇంట్లో 16.70 లక్షల ఖర్చు 18 లక్షలైంది. అదే ఇంట్లో అక్కడ ఉద్యోగం చేస్తున్న అన్న డబ్బు పంపితే లాభం కూడా అంతే. అల్వాల్ నుండి శామీర్‌పేట దాకా ఒకే వీధిలో ఈ రెండు రకాల ఇళ్లూ కనబడతాయి.

మళ్లీ ఆ ఫ్లాటు దగ్గరికి

ఆ విద్యార్థి ప్రశ్నలో మిగిలిన సగానికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. 2019 అక్టోబరు నుండి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ రేటు గృహరుణాలు బయటి కొలబద్దకు, ఎక్కువగా రెపో రేటుకు ముడిపడి ఉన్నాయి. 2024 జూన్ 7న, ఫలితాలు వచ్చిన మూడో రోజున, రిజర్వు బ్యాంకు రెపోను 6.5 శాతం దగ్గరే ఉంచింది. తగ్గింపు మొదలైంది 2025 ఫిబ్రవరిలో. డిసెంబరుకు అది 5.25కి వచ్చింది. ధరల పెరుగుదల బాగా నెమ్మదించడం దానికి కారణం, ఎన్నిక కాదు. తగ్గింపు పూర్తిగా అందితే 30 లక్షల మీద ఇరవై ఏళ్లకు 8.75 శాతం దగ్గర నెలకు 26,511 ఉన్న వాయిదా 7.5 శాతం దగ్గర 24,168 అవుతుంది. జూన్‌లో తీసుకున్నవారికీ, ఆగి తీసుకున్నవారికీ ఈ తగ్గుదల ఒకేలా అందుతుంది, రేటు ఫ్లోటింగ్ అయితే. స్థిర వడ్డీకి తీసుకున్నవారికి అందదు. ఆ రోజు నేను ఆయన్ను అడగవలసిన ప్రశ్న అదే, అడగలేదు.

ఆ తరువాత మరో తరగతికి వచ్చినప్పుడు ఆయనే చెప్పారు. ఫ్లాటు కొన్నారు, రేటు ఫ్లోటింగే. అయితే బ్యాంకు తగ్గించింది వాయిదాను కాదు, గడువును. నెలకు కట్టేది అంతే ఉంది, చివర్లో కట్టవలసిన నెలలు తగ్గాయి. “నాకు ఇప్పుడు చేతిలకు పైసలు కావాలె సార్, పదిహేనేండ్ల తర్వాత కాదు” అన్నారు. బ్యాంకుకు అర్జీ రాసి ఇస్తే వాయిదానే తగ్గించమని కోరవచ్చని చెప్పాను. ఆ అర్జీ నమూనాను ఆయన అక్కడే నోటుపుస్తకంలో రాసుకున్నారు.